చేతులు లేనివాళ్ల దండం

నా ఉద్యోగంలో నేను చేసిన తప్పులు చాలావరకు చీపురుతోనో నీళ్ల కుండతోనో చేసినవి. వాటిని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. నోటితో చేసిన పెద్ద తప్పు ఒక్కటే. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు, చదవడం వచ్చి ఏడాది. కొత్తగా పనిలో చేరిన అమ్మాయిలు ఎప్పుడైనా నా దగ్గర కూర్చుని మీ రోజుల సంగతులు చెప్పమంటే, ఈ ఒక్కటి దాటేసి మిగతావన్నీ చెప్పాను. ఎదురుగా చెప్పాలంటే ఇప్పటికీ మొహమాటమే. రాయడంలో ఒక సుఖం ఉంది. వినేవాళ్ల ముఖం కనబడదు.

పటాన్‌చెరు అప్పటికి ఫ్యాక్టరీల ఊరు కాదు. బొంబాయి సడక్ మీద లారీ ఆగితే నలుగురు పోయి చూసే ఊరు. ఆ సడక్ పక్కన రెండు గదుల పఠనాలయం ఉండేది. నేను అక్కడ ఆయాను. పొద్దున్నే లక్డారం నుంచి నడిచి వచ్చి, ఊడ్చి, కుండ నింపి, ఉర్దూ పత్రికలు ఒక బల్ల మీద, తెలుగు పత్రికలు ఇంకో బల్ల మీద పరిచేదాన్ని. ఏవి ఉర్దూవో ఏవి తెలుగువో చూపుకే తెలిసేది గాని, ఏది తలకిందులుగా ఉందో తెలిసేది కాదు. ఒకరోజు లైబ్రేరియన్ సారు నేను తిరగేసి పెట్టిన పత్రికను సరిచేస్తూ అన్నారు:

"చదివెటోడు ఒక్కపూట తల తిప్పుకుంటడు, పోనీ. నువ్వు ఎన్నేండ్లు తల తిప్పుకొని బతుకుతవమ్మా?"

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం జనం లేని వేళ నాకు పలక పట్టించారు. ఆయన నిష్ఠగల మనిషి. చలికాలంలో కూడా చన్నీళ్ల స్నానం చేసి, సంధ్య వార్చుకుని గాని తలుపు తాళం తీసేవారు కాదు. నాకు అక్షరాలు నేర్పేటప్పుడు మాత్రం ఏ వాడ, ఏ కులం అని ఒక్కసారి కూడా ఆలోచించినట్టు కనబడలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్ల పూట. లోపలి గదికి అడ్డంగా పరదా కట్టేవాళ్లం. ఘోషాలో ఉండే ముసల్మానుల ఇళ్ల ఆడవాళ్లు, గడప దాటని పెద్ద కాపుల ఇళ్ల ఆడవాళ్లు పరదాకు ఇవతల చాప మీద కూర్చుంటే, సారు అవతల కూర్చుని గట్టిగా చదివేవారు. ఆయన గొంతు వినబడేది, మనిషి కనబడేవాడు కాదు. ఆ పూటకు ఒక ఆడమనిషి కావాలనే నాకు ఆ ఉద్యోగం ఇచ్చారు. బుధవారం లేకపోతే నేను లేను.

వచ్చేవాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు పటేలమ్మ, ఊరి పటేలు భార్య. గదిలోకి వస్తే సగం చాప ఆమెదే, సగం మాటలూ ఆమెవే. కొత్త కోడల్ని వెంట తెచ్చుకునేది. రెండో ఆమె గాజుల ఖాలమ్మ. అరవై దాటిన మనిషి, గాజుల మలారం భుజాన వేసుకుని లక్డారం, భానూర్, రుద్రారం తిరిగేది. ఆ చుట్టుపక్కల ఆమె పట్టుకోని చెయ్యి లేదు. నిజాం రాజ్యం పోయిన గడబిడల ఏడు ఆమె ఇల్లు పోయింది. పోయిందని అందరికీ తెలుసు. ఎట్లా పోయిందని మాత్రం ఎవరం మాట్లాడుకునేవాళ్లం కాదు. బుధవారం వచ్చిందంటే ముసల్మానుల ఇళ్లకు తిరిగి ఆడవాళ్లను పోగుచేసి తెచ్చేది ఆమెనే.

సారు ముందు పసిపిల్లల ఆరోగ్యం గురించి, పురుగుమందుల గురించి చదివేవారు. అది అందరం ఓపికగా విన్నట్టు కూర్చునేవాళ్లం. చివర్లో కథ. ఆ ఏడు ఒక వారపత్రికలో వేరే గ్రహానికి పోయిన మనుషుల కథ వస్తుండేది. ఆకాశంలో పోయే నౌక ఒకటి దిక్కూదరీ లేని ఒక చల్లటి లోకంలో దిగుతుంది. అక్కడ ఒకే ఒక వెచ్చటి చెరువు. దాని చుట్టూ ఆ లోకం వాళ్లు ఉంటారు. నిలువెత్తు మొద్దుల్లాంటి ఒళ్లు, తల లేదు, చేతులు లేవు.

"చేతులు లేవా?" అంది పటేలమ్మ. "ఇగ వాళ్లదేం బతుకే!"

"నాకు పనికిరాని దేశం," అంది ఖాలమ్మ. "ఒక్క డజను గాజులమ్ముడువోవు."

పరదా అవతల సారు కూడా నవ్వారు. నవ్వినట్టు వినబడకుండా దగ్గారు.

తరువాతి వారం నౌకలోని ఒక మనిషి చలికి కొయ్యబారి పడిపోతాడు. ఆ లోకం వాళ్లు వచ్చి అతని చుట్టూ వలయంలా నిలబడి తమ ఒంటి వేడి అతనికి ఇస్తారు. తెల్లారేసరికి అతను లేచి కూర్చుంటాడు. వలయంలో ఒకరు చల్లబడి చచ్చిపోయి ఉంటారు. నౌకలోని వైద్యుడు, మాటలు మార్చే యంత్రం పెట్టి వాళ్లను అడుగుతాడు: మీరు ఇది ఎవరి పేరు మీద చేశారు? మీ దేవుడు ఎవరు? వాళ్లు తమలో తాము మాట్లాడుకుని జవాబు చెప్తారు: "మీ ప్రశ్న మాకు అర్థం కాలేదు. అతనికి చలిగా ఉంది."

సారు అక్కడ ఆపి పత్రిక మూశారు. ఇవతల పెద్ద పంచాయితీ మొదలైంది.

"పోయిన జన్మల పున్నెం చేసుకున్నరు. గా సంగతి వాళ్లకు యాదికి లేదు, అంతే," అంది పటేలమ్మ.

"బిస్మిల్లా అనకుండ నేను గాజు గూడ తొడుగ," అంది ఖాలమ్మ. "పేరు లేకుండ చేసిన పని ఎవరికి చేరుతది? చిట్టీ మీద పత్తా రాయకుండ పోస్టు డబ్బాల ఏసినట్టు."

మరుసటి బుధవారం ఖాలమ్మ అందరికంటే ముందు వచ్చింది. నేను చాప పరుస్తుంటే దగ్గరికి వచ్చి అంది:

"వారం దినాల సంది నన్ను నేనే అడుగుతున్న బేటీ. చిన్నపిల్లలకు గాజులు తొడిగేటప్పుడు ఎముక నొక్కుకోకుండ మెల్లగ ఎక్కిస్త. అది అల్లా పేరు మీదనా, పిల్ల ఏడుస్తదనా?"

"ఏదంటవు మరి?"

"నోట్ల పేరు ఉంటది. చెయ్యి మాత్రం పిల్లను చూస్తది. అల్లా ఏది రాసుకుంటడో నాకు తెల్వది."

నేను అంతకుముందు భజనలకు పోయాను, హరికథలు విన్నాను. అంత ఆలోచనలో పడేసిన మాట నాకు ఎక్కడా వినబడలేదు. సారు కూడా కలవరపడుతున్నట్టే ఉండేవారు. ఒకరోజు పుస్తకాల దుమ్ము దులుపుతున్న నన్ను పిలిచి, "ఈ కథ నాకు నచ్చుతలేదమ్మా. దేవుణ్ణి ఎరుగకుండనే ధర్మం నడుస్తదంటే, పొద్దుగాల్నే నేను చన్నీళ్లల్ల ఎందుకు వణుకుతున్నట్టు?" అన్నారు.

"అయితే చదువుడు ఆపుండ్రి సారు."

"అచ్చుల ఉన్నదాన్ని ఆపనీకె నేనెవర్నమ్మా."

చివరి భాగం వచ్చిన బుధవారం ఆయన పఠనాలయం కమిటీ పని ఉందని సంగారెడ్డి బయలుదేరారు. పత్రిక నా చేతిలో పెట్టి, "రెండు పేజీలే. నువ్వు చదువు. నీకొస్తది," అని పొద్దున బస్సు ఎక్కేశారు. నాకు గాల్లో తేలినట్టయింది. తలుపు దగ్గరికి వేసుకుని, వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చదివాను. మొదటి పేజీ అయ్యేసరికి ఆ తేలడం పోయింది.

కథ ముగింపు ఇది. నౌకకు ఆ చెరువు నీళ్లు కావాలి. నౌక పెద్ద తన మనుషులను కూర్చోబెట్టి చెప్తాడు: వీళ్లకు దేవుడు లేడు. దేవుడు లేనివాళ్లకు పాపం లేదు. పాపమంటే ఎరుగనివాళ్లను ఏం చేసినా మనకు పాపం తగలదు. చెరువులోకి ఒక పెద్ద ఇనుప గొట్టం దింపుతారు. నీళ్లు తగ్గిపోతుంటే ఆ లోకం వాళ్లు వచ్చి గొట్టాన్ని తాకి చూస్తారు. అది చల్లగా ఉంటుంది. పాపం చలేస్తుందనుకుని దాని చుట్టూ వలయంలా నిలబడతారు. ఒంటి వేడి ఇనుముకు ఇస్తూ ఒక్కొక్కరే చల్లబడిపోతారు. వాళ్లు బతికించిన మనిషి కిటికీ దగ్గర నిలబడి చూస్తుంటాడు, ఏమీ అనడు. అంతే కథ.

నౌక పెద్ద అన్న మాట నేను అంతకుముందే విన్నాను. గడబిడల ఏడు మా వాడలోనే, కల్లు తాగని మంచి మనుషుల నోటనే విన్నాను. వాళ్ల దేవుడు వేరు, మనకేం పాపం అని. ఇప్పుడు ఆ మాట నేను ఖాలమ్మ ముఖంలోకి చూస్తూ చదవాలి. సారుకైతే పరదా అడ్డం ఉంది. నాకు లేదు, నేను ఆడదాన్ని కాబట్టి ఇవతలే కూర్చోవాలి.

మధ్యాహ్నం అందరూ వచ్చి కూర్చున్నారు. మొదటి పేజీ ఉన్నది ఉన్నట్టే చదివాను. నౌక పెద్ద నోరు తెరిచే చోటికి వచ్చేసరికి నా కళ్లు అక్షరాల మీదే ఉన్నాయి గాని నోరు వేరే దారి పట్టింది. నౌక పెద్ద తెల్లవారుజామున చెరువుగట్టుకు పోయాడనీ, ఆ లోకం వాళ్లందరూ సూర్యుడి దిక్కు తిరిగి చేతులు జోడించి దండం పెడుతున్నారనీ, 'వీళ్లకూ దేవుడున్నాడు, వీళ్ల జోలికి పోవద్దు' అని తన మనుషులతో చెప్పి నౌక తిప్పుకుని పోయాడనీ చదివాను. అంత సాఫీగా నేను ఎప్పుడూ చదవలేదు. అనుమానం రావలసింది అక్కడే.

"సూసినవా!" అని పటేలమ్మ తొడ చరిచింది. "నేను ముందే అనలే? పున్నెం ఊకెనే వస్తదా!"

ఆమె కోడలు కొంగు చాటు నుంచి మెల్లగా అడిగింది: "అక్కా, వాళ్లకు చేతులు ఎక్కడియి?"

"అప్పుడే మొలిచినయి," అన్నాను.

అందరూ నవ్వారు. ఖాలమ్మ నవ్వలేదు. నా ముఖంలోకి ఒకసారి చూసి, మలారం భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

తరువాతి బుధవారం ఆమె రాలేదు. ఆమె రాకపోతే ముసల్మానుల ఇళ్ల నుంచి ఒక్కరూ రాలేదు. ఆ పై బుధవారం కూడా అంతే. జనం పలచబడేసరికి మిగతా కాపుల ఇళ్లవాళ్లూ మానేశారు. ఇద్దరి కోసం పరదా ఎందుకని పటేలమ్మే అంటే, సారు గుమ్మంలో కూర్చుని పటేలమ్మకూ కోడలికీ చదివారు. కమిటీ వాళ్లు ఊరుకుంటారా? ఒక్క ఇంటి వాళ్ల కోసం ఆడవాళ్ల పూట ఎందుకు, తీసేద్దామని కబురు పంపారు. అంటే నన్ను తీసేస్తారని. నిజం చెప్పాలంటే నా ఉద్యోగం పోతుందనే భయంతోనే ఖాలమ్మ ఇంటికి బయలుదేరాను. పశ్చాత్తాపం నడిచేటప్పుడు దారిలో వచ్చి కలిసింది.

ఆమె ఒక పెంకుటింటి వెనక కొట్టంలో ఉండేది. గాజులకు దారం కట్టుకుంటూ కూర్చుని ఉంది. నేను గుమ్మంలోనే కూలబడి, దండం సంగతి నేను కల్పించిందేననీ, మనవాళ్లలాగా చేతులు జోడింపజేయడం నా తప్పేననీ, అరచేతులు చాపి దువా చేసినట్టు పెట్టి ఉండాల్సిందనీ ఏదేదో చెప్పాను. ఆమె దారం కొరికి నా దిక్కు చూసింది.

"దువా పెడితే నాకు మంచిగుండునా?"

ఆమె ఇంకో డజను గాజులు దారానికి ఎక్కించింది.

"చేతులు లేనోళ్లకు చేతులు పెట్టి మరీ దండం పెట్టించినవు బేటీ. దండం పెడితేనే గద ఆ పెద్దమనిషి వాళ్లను ఇడిసిపెట్టింది? పెట్టకపోతే?"

ఆ తర్వాత ఆమె చెప్పింది. గడబిడల ఏడు ఒక రోజు గాజులమ్మి తిరిగి వస్తుంటే సడక్ మీద ముఖం తెలియని మనుషులు వచ్చేపోయేవాళ్లను ఆపి ఆపి చూస్తున్నారట. తెలిసిన ఒక ఇంట్లోకి ఉరికింది. ఆ ఇంటామె ఆమెను వంటింట్లోకి లాగి, నుదుట ఇంత బొట్టు పెట్టి, పొయ్యి ముందు కూర్చోబెట్టింది. మనుషులు వచ్చి తొంగి చూశారు. మా మేనత్త అని చెప్పింది ఆ ఇంటామె. వాళ్లు బొట్టు చూసి పోయారు.

"ఆ బొట్టు పెట్టిన చేతికి రోజూ నమాజుల దువా చేస్త," అంది ఖాలమ్మ. "కాని బేటీ, వాళ్లు చూసింది నన్ను కాదు. బొట్టును చూసి పోయిండ్రు. నీ కథల గూడ గట్లనే అయింది. ఆ లోకపోళ్లను ఎవ్వరు చూసిండ్రు?"

నేను అసలు ముగింపు చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొక్కదానికి వద్దు. అందరి ముంగట చదువు. అంతకుముందు మీ సారుకు చెప్పు. చెప్పినంక నేను వస్త."

సారుకు చెప్పడం ఇంకా కష్టమైంది. అచ్చులో ఉన్నదాన్ని ఆపడానికే తానెవరన్న మనిషి ఆయన. నేను చెప్తున్నంతసేపూ పత్రికల కట్టకు దారం బిగిస్తూనే ఉన్నారు. చివరికి తల ఎత్తకుండానే అన్నారు:

"కమిటీ వాళ్లు నన్ను రమ్మన్నది గురువారం నాడు. నేను బుధవారమే పోయిన."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పత్రిక వచ్చిన దినమే నేను చదివిన. ఆ మాట నా నోటితోటి ఆ ఆడవాళ్లకు వినిపియ్యలేనని బస్సు ఎక్కిన. నువ్వు కథను దాటినవు, నేను ఊరినే దాటిన. ఇద్దర్ల ఎవరిది పెద్ద తప్పో నువ్వే చెప్పమ్మా."

ఆయన కమిటీకి రాసిన కాగితంలో రెండు తప్పులూ రాశారు. ఏం జరిగిందో ఇక్కడే చెప్పేస్తాను, ఎవరూ ఎదురుచూడనక్కర్లేదు. ఆయన తప్పు ఊసు కమిటీలో ఎవరూ ఎత్తలేదు. నా గురించి మాత్రం పెద్ద చర్చ జరిగి, ఆరు నెలలు చదవకూడదని, ఊడ్చుడు పనికే పరిమితమని తీర్మానం చేశారు. ఉద్యోగం దక్కింది. కుండా చీపురూ అబద్ధాలాడవని వాళ్ల నమ్మకం కాబోలు.

ఆ తీర్మానం వచ్చేలోపు ఒక బుధవారం మిగిలింది. సారు పరదా కట్టి, అవతల స్టూలు వేసుకుని కూర్చుని, పత్రిక పరదా కింద నుంచి నాకు అందించారు. ఖాలమ్మ వచ్చింది, ఆమె వెనక మిగతావాళ్లూ వచ్చారు. పోయినసారి చదివింది నేను కల్పించిందని ముందే చెప్పేశాను.

"ఏందే, దినానికో తీరు చదువుతవా!" అంది పటేలమ్మ. "రేపు ఇంకోటి చదువుతవు. ఏది నమ్మాలె మేము?"

"దీన్ని నమ్ముండ్రి," అన్నాను.

ఈసారి ఒక్కో ముక్క కొరికి కొరికి చదివాను. నౌక పెద్ద మాట దగ్గర రెండుసార్లు ఆగాను. గొట్టం చుట్టూ వాళ్లు నిలబడే చోట కుండలో నీళ్లు ముంచుకుని తాగి మళ్లీ చదివాను. చదవడం అయిపోయాక ఎవరూ చాప మీంచి లేవలేదు. పటేలమ్మ కోడలు ఏడుస్తోంది.

"ఇదేం కథ!" అంది పటేలమ్మ. "మొన్నటిదే మంచిగుండె. దండం పెట్టిండ్రు, బతికిండ్రు."

"నీకు మంచిగుండె," అంది ఖాలమ్మ. గొంతులో కోపం లేదు. "నువ్వు నాకు బొట్టు పెట్టినవు. నేను బతికిన. నాకు మంచిగ లేకుండె."

ఆ ఇంటామె ఎవరో నాకు అప్పుడు తెలిసింది. పటేలమ్మ ముఖం రాయిలా అయిపోయింది. ఆ గదిలో ఆమె మాట కోసం అందరూ ఎదురుచూడడం అదే మొదటిసారి.

"ఆ గడియల నాకు ఇంకేం తోచింది అక్కా? నువ్వే చెప్పు. ఏం చెయ్యాల్సుండె నేను?"

"నువ్వు ఏం చెయ్యాల్నో అదే చేసినవు. నా బాధ నువ్వు పెట్టినందుకు గాదు. పెట్టాల్సొచ్చిందని."

"ఇన్నేండ్లు మనసుల పెట్టుకొని నా చేతులకు గాజులు ఎట్ల తొడిగినవే?"

"మెల్లగనే తొడిగిన గద. ఎప్పుడన్న నొక్కుకున్నదా?"

పటేలమ్మ తన చేతుల దిక్కు చూసుకుంది. నవ్వూ ఏడుపూ కానిదేదో ఆమె గొంతులోంచి వచ్చింది. పరదా అవతల స్టూలు కిర్రుమంది. సారు లేచి వెళ్లిపోతారనుకున్నాను, పోలేదు.

అప్పుడు ఆ కోడలు కళ్లు తుడుచుకుంటూ అడిగింది: "మరి ఇప్పుడు వాళ్లు చచ్చిపోయి ఎక్కడికి పోతరు? దేవుడే తెల్వదాయె."

"అందరం పోయే కాడికే పోతరు బిడ్డా," అంది ఖాలమ్మ. "అందరి లెక్క చూసే కయామత్ దినం వాళ్లను నిలబెట్టి అడుగుతరు. మీరు ఎవరి పేరు మీద చేసిండ్రని. వాళ్లకు జవాబు రాదు. బిత్తరబిత్తర చూస్తరు. అప్పుడు నేను సాక్షిగ లేచి గవాహీ చెప్త. వీళ్లు సచ్చేదాక ఇనుముకు గూడ వెచ్చదనం ఇచ్చిండ్రు, నేను చెవులార విన్న అని."

"మీ దిక్కు నువ్వు చెప్తవు," అంది పటేలమ్మ. "మా దిక్కు యముని కచేరీల ఎవరు చెప్పాలె?"

"నువ్వు చెప్పు. నీకు గట్టి నోరున్నది."

"ఏమని చెప్పుదు? ఎవరు వాళ్లని అడిగితే పేర్లు గూడ నాకు తెల్వయి గద."

"నాకు మాత్రం తెలుసా?" అంది ఖాలమ్మ. "పేరు తెల్వకుంటనే చెప్పుదాం."